కటింగ్ మాస్టారి ఎడమవైపు

"మళ్లీ మొదట్నుంచీ చెప్పాలా?" అన్నాడు కటింగ్ మాస్టారు, ఇంట్లో తన కుర్చీలో కూర్చుని.

"మొదట్నుంచే మాస్టారూ. వినడమే నా పని."

చెప్పి చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది. విని విని రైటరు చెవులూ అలాగే ఉన్నాయి. ఇరవై ఆరేళ్లు పోలీసు స్టేషన్లో కూర్చుని సాక్షుల మాటలు కాగితం మీద పెట్టినవాడు. ఆ ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్లయినా, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా ఎవరెవరి గుమ్మాలో ఎక్కి దిగుతున్నా, జనం నోట రైటరు అన్న పేరే నిలిచిపోయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు తనే పలకడేమో.

కేసు చిన్నదే. కోట్లు, వేస్ట్‌కోట్లు కుట్టే పాత షాపు. ఐదు రోజుల కిందట సాయంత్రం నాలుగూ పదికి ఆ షాపు యజమాని పై అంతస్తు మెట్ల మీంచి పడి ప్రాణం వదిలాడు. పడలేదు, తోశారని చెప్పింది ఒకే ఒక్క సాక్షి, ఆ పై గదిలో బట్ట కోస్తున్న ఈ మాస్టారు. తోసింది యజమాని తమ్ముడేనని కూడా ఆయనే చెప్పాడు. అన్నదమ్ములు ఆ ఉదయం గట్టిగా మాటలనుకున్నారు. తమ్ముడు మూడూ యాభైకే వెనక గుమ్మం గుండా బయటికి వెళ్లానంటాడు గానీ, చూసినవాళ్లు లేరు. ఇప్పుడు లాకప్‌లో ఉన్నాడు. రేపు ఉదయం పదింటికి పోలీసులు కోర్టులో కాగితాలు పెడుతున్నారు.

రైటర్ని పనిలో పెట్టింది చనిపోయినాయన భార్య. "పోయింది నా మొగుడే. కానీ ఆ మరిది నా చేతుల్లో పెరిగాడు. వాడు చేశాడంటే నా చెయ్యే చేసినట్టు. మీరు చూసి చెప్పండి. వాడేనని తేలితే ఇద్దరికీ కలిపి ఒకేసారి ఏడుస్తాను," అంది. ఆ మాట విన్నప్పట్నుంచీ రైటరుకి నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

"కోటు చెయ్యి కోస్తున్నానండీ," అని మొదలుపెట్టాడు మాస్టారు. "అయ్యగారి గొంతు పెద్దగా వినపడింది. తలెత్తి చూశాను. మెట్ల దగ్గర అయ్యగారు. ఆయన ముందు ఒక మనిషి, వీపు ఇటువైపు. చెయ్యి చాచి ఒక్క తోపు తోశాడు. అంతే."

"మొహం?"

"కనపడలేదు. నీలం వేస్ట్‌కోటు. ఇంటివాళ్లు ముగ్గురికీ నేను కోసిందే అది, అయ్యగారికీ, తమ్ముడికీ, మేనల్లుడికీ. కానీ ఎడం భుజం అర అంగుళం దిగివుంది. తోసింది ఎడం చేత్తో. ఆ ఇంట్లో ఎడంచేతి వాటం తమ్ముడుగారిదేగా. భుజం చూస్తే మనిషి తెలియదా నాకు?"

"తలెత్తి చూశానన్నారు. తల తిప్పారా?"

"లేదండీ. కత్తెర గుడ్డలో ఉంది. కదిల్తే కోత పోతుంది. ఉన్నచోటే తలెత్తాను."

"ఎంత దూరంలో ఉన్నారు వాళ్లు?"

మాస్టారు ఆలోచించలేదు. "ఇరవై అడుగులు."

"సుమారుగానా?"

"టేపు లేకుండా అంగుళం చెబుతాను. ఇరవయ్యే."

రైటరు ఆ అంకె రాసుకున్నాడు. మాస్టారి భార్య మంచినీళ్ల గ్లాసు తెచ్చి భర్తకి కుడిపక్కన పెట్టి వెళ్లింది. ఆ గదిలో ఏది చూసినా కుడిపక్కనే ఉంది. మందులు, కళ్లజోడు పెట్టె, చేతికర్ర, రేడియో. ఎడమవైపు స్టూలు మాత్రం ఖాళీ. మాస్టారి ఎడమ మోచేతి మీద పసుపుపచ్చగా మారుతున్న పాత దెబ్బ ఒకటి, దాని మీద కొత్త దెబ్బ ఒకటి. కుడి చెయ్యి నున్నగా ఉంది.

రైటరు మాట్లాడుతూ మాట్లాడుతూ గ్లాసు తీసి ఎడమ స్టూలు మీద పెట్టాడు. "నీళ్లు తాగండి మాస్టారూ, గొంతు ఎండిపోయినట్టుంది."

"తెస్తోందాండీ?" అన్నాడు మాస్టారు, వంటగది వైపు చూస్తూ.

గ్లాసు ఆయన ఎడమ చేతికి జానెడు దూరంలో ఉంది.

రైటరు స్టేట్‌మెంటు నకలు తీసి ఇచ్చాడు. "ఇందులో ఉన్నవి మీ మాటలేనా, ఒకసారి చదవండి."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "...చెయ్యి కోయుచుండగా... పెద్దగా వినబడి... పైకెత్తి చూడగా..." ఆగి, కాగితం దూరంగా పట్టుకున్నాడు. "ఈ పోలీసు భాష ఎప్పుడూ తలా తోకా ఉండదండీ."

తోక ఉంది. లేనిది తలే. ప్రతి వరుసా సగం నుంచి చదువుతున్నాడు.

"అద్దాలు మార్చాలండీ ఆయనకి," అంది భార్య గుమ్మంలోంచి. ఆ మాట ఎంత గబగబా వచ్చిందంటే, రైటరు అటు తిరిగి చూశాడు. ఆవిడ చూపు దించేసుకుంది.

"అమ్మా, ఈయనకి తలకి ఏదో వైద్యం జరిగిందన్నారు."

"రెండు నెలలైంది. ఇప్పుడు బాగానే ఉన్నారు."

"ఎడం కన్ను కాస్త మందగించిందండీ, అంతే," అన్నాడు మాస్టారు. "వయసు."

రైటరు కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు. యాక్సిడెంట్ కేసుల్లో డాక్టరు డ్రైవర్లకి ఈ పరీక్ష చేస్తుంటే ఎన్నోసార్లు పక్కన నిలబడి రాసుకున్నాడు. "నా ముక్కు మీంచి చూపు తియ్యకండి. నా వేళ్లు కదిలితే చెప్పండి." చేతులు రెండూ చాచి, మాస్టారి కుడివైపు వేళ్లు ఆడించాడు.

"కదిలాయి."

ఎడమవైపు ఆడించాడు. మాస్టారు ముక్కు వంకే చూస్తూ ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. రైటరు చెయ్యి మొత్తం ఊపాడు. మాస్టారు ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"ఇప్పుడు ఎడం కన్ను మూసుకుని, కుడి కంటితో."

అదే. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో. అప్పుడూ అదే. తప్పు కంటిది కాదు. ఏ కంటితో చూసినా ఆయన లోకానికి ఎడమ సగం లేదు.

గుమ్మంలో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లోపలికి వెళ్లి గుండీల డబ్బా అడుగు నుంచి మడత పెట్టిన కాగితం తెచ్చి రైటరు చేతిలో పెట్టింది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన చీటీ. చివరి వరుస కింద గీత గీసి ఉంది: రెండు వారాల్లో చూపు పరిధి పరీక్ష చేయించాలి.

"తలలో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బిందన్నారండీ," అంది ఆవిడ.  "అది పగిలితే మనిషి దక్కడన్నారు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం తలదాకా ఎక్కించి, ఆ బుడగలో తీగచుట్ట పెట్టారు. అది బాగానే పట్టింది. కానీ ఆ పని జరిగేటప్పుడు చిన్న రక్తపు గడ్డ జారి వెనక్కి పోయిందట. చూసింది తెలుసుకునే చోటు ఉంటుందట మెదడులో, దానికి రక్తం అందలేదట. ఇలా కొద్దిమందికి అవుతుందని ముందే చెప్పి సంతకం కూడా తీసుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. తప్పు నాది."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మాస్టారు.

"చెబితే కత్తెర పట్టుకునేవాడివా? నువ్వు కత్తెర వదిలేస్తే ఏమవుతావో నాకు తెలుసు. మీ నాన్న పోయినప్పుడు నెల్లాళ్లు పని మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నావు. అందుకే అన్నీ కుడిపక్కన పెడుతూ వచ్చాను. అలవాటవుతుందిలే అనుకున్నాను."

 మాస్టారు అడిగిన మాట రైటరు అనుకున్నది కాదు.

"మూడు వారాలుగా పనికి వెళ్తున్నాను. నేను కోసిన బట్ట సంగతేంటి? ఎన్ని పాడుచేశాను?"

భార్య గుండీల డబ్బాకి మూత పెట్టింది.

"నేను అబద్ధం చెప్పలేదండీ," అన్నాడు మళ్లీ. "ఆ మనిషిని చూశాను. మెట్లు నాకు ఎడమవైపే, అది నిజం. మీరు చెప్పేదీ నిజమే అయితే నేను చూడకూడదు. కానీ చూశాను."

"మీరు అబద్ధం చెప్పారని నేననడం లేదు," అన్నాడు రైటరు లేస్తూ. మోకాళ్లు కటకటమన్నాయి. "అమ్మా, ఆ పరీక్ష ఇప్పటికైనా చేయించండి. ఇవాళే వెళ్లి తేదీ రాయించుకోండి."

*

షాపు పై గదికి పధ్నాలుగు మెట్లు. ఎక్కేసరికి మూడూ ఇరవై అయింది. ఇన్‌స్పెక్టరు అప్పటికే అక్కడున్నాడు, కటింగ్ బల్ల మీద టోపీ పెట్టి, ఒక కానిస్టేబులు చేత సామాను జాబితా రాయిస్తూ.

"రండి గురువుగారూ. చనిపోయినాయన భార్య మిమ్మల్ని పెట్టుకుందని విన్నాను. ఆవిడ బాధలో ఉంది, అర్థముంది. మీకేమైంది?"

ఈ ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టేట్‌మెంటు రాయడం నేర్పింది రైటరే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరికీ ఇష్టం లేదు.

"నీ సాక్షికి ఎడమవైపు చూపు లేదు," అన్నాడు రైటరు. "తలకి వైద్యం జరిగినప్పుడు పోయింది. ఆస్పత్రి చీటీ ఉంది. బల్ల దగ్గర నిలబడితే ఈ మెట్లు ఆయనకి ఎడమవైపు. ఆయన మెట్ల దగ్గర ఎవర్నీ చూసి ఉండడు."

కానిస్టేబులు కలం ఆగింది. ఇన్‌స్పెక్టరు నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

"చూపు లేనివాడు మూడు వారాలుగా కోట్లు కోస్తున్నాడా? ఎవరి చెవిలో పెడతారీ పువ్వు?"

"సగం లేదన్నాను. అది ఆయనకే తెలియదు. పొద్దున నేను చెప్పేదాకా."

"అయితే తల తిప్పి చూసుంటాడు."

"తిప్పలేదన్నాడు."

"తిప్పిన సంగతి గుర్తులేదేమో. మనిషన్నాక ఎవరైనా అరుపు వినపడితే అటు తిరుగుతారు."

"మెట్ల దగ్గర అన్న మాట మాస్టారు తనంతట తను అన్నాడా, నువ్వు అడిగితే అవునన్నాడా?"

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "మీరు నేర్పిందే రాశాను. సాక్షి తడబడితే దారి చూపించాలని మీరే అనేవారు."

అది నిజం. రైటరుకి గుచ్చుకుంది. ఇరవై ఆరేళ్లలో తను చూపించిన దారులెన్నో, వాటి వెంట నడిచి జైలుకెళ్లినవాళ్లెందరో లెక్కపెట్టుకోవడం ఎప్పుడో మానేశాడు. మానేశాననుకున్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. షాపు కౌంటరు చూసుకునే మేనల్లుడు టీ పట్టుకొచ్చాడు. ముప్పై రెండేళ్లుంటాయి, మెత్తటి మనిషి. మామయ్య పోయిన దగ్గర్నుంచీ షాపు భారమంతా అతని మీదే పడింది.

"మాస్టారి గురించేనా అంటున్నారు?" అన్నాడు గ్లాసులు బల్ల మీద పెడుతూ. "కింద వినపడింది. ఎడమవైపు అసలేమీ కనపడదా ఆయనకి?"

"అసలు కనపడదు," అన్నాడు రైటరు.

"పాపం," అన్నాడు మేనల్లుడు. మెట్లు దిగి వెళ్లాడు.

రైటరు టీ ముట్టుకోలేదు. మాస్టారి టేపు తీసి గది కొలవడం మొదలుపెట్టాడు. మాస్టారు నిలబడే చోట చెక్కపలక అరిగి నున్నబడింది. ఎదురుగా గోడ గడియారం. ఎడమవైపు మెట్ల తల, ఎనిమిది అడుగులు. కుడివైపు ఖాళీ గోడ, ఆరు అడుగులు.

"ఈ గది మొత్తం వెడల్పు పధ్నాలుగు అడుగులు," అన్నాడు.

"అయితే?"

"మాస్టారు వాళ్లని ఇరవై అడుగుల దూరంలో చూశానన్నాడు."

"ముసలాయన అంచనా అది."

"ఆయన అంచనా మీదే ఒక మనిషిని లోపలేశావు. అర అంగుళం భుజం నమ్మావు. గది కంటే ఆరడుగులు ఎక్కువ చెబితే ఎందుకో ఆలోచించవా?"

 రైటరు కుడి గోడ దగ్గరికి వెళ్లి, మోకాళ్లు తిట్టుకుంటూ కిందికి వంగాడు. నేల మీద సుద్దపొడి, దారప్పోగులు. వాటి మధ్య నాలుగు చోట్ల మాత్రం చదరంగా శుభ్రంగా ఉంది. ఏదో బరువైన వస్తువు నాలుగు కాళ్లూ అక్కడ కొన్నాళ్లు నిలబడి వెళ్లింది.

"ఇక్కడేముండేది?"

"ఏమీ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ రోజు ఏదో చట్రం మీద దుప్పటి కప్పి ఉంది, అంతే. జాబితాలో రాయాల్సిందేం కాదు."

కింద కాజాలు కుట్టే ఆవిడని పైకి పిలిపించారు. పాతికేళ్లుగా ఆ షాపులోనే ఉంది. చేతిలో సూది అలాగే పట్టుకుని వచ్చింది.

"అద్దం అండీ," అంది. "ట్రయల్ రూముకి రంగులేస్తున్నారని నిలువుటద్దం నాలుగు రోజులు ఇక్కడ పెట్టారు. అయ్యగారు పోయిన మర్నాడు బాబుగారే కిందికి దించేశారు. రంగు ఇంకా ఆరనే లేదు, అప్పుడే ఎందుకండీ అన్నాను."

"బాబుగారంటే?"

"మేనల్లుడుగారే."

"అయ్యగారు పోయిన సాయంత్రం దాని మీద దుప్పటి ఉందా?"

"పొద్దున లేదండీ. పోలీసులొచ్చేసరికి కప్పి ఉంది. చావు జరిగింది కదా, అందుకని కప్పారనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకో మాట," అంది ఆవిడ, చెప్పాలా వద్దా అన్నట్టు. "మాస్టారు మళ్లీ పనిలోకొచ్చిన దగ్గర్నుంచీ ఎడమపక్క ముక్కలన్నీ వంకరగా వస్తున్నాయి. నేనే సరిచేసి కుడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు ఆయనతో అనకండి."

రైటరు తలాడించాడు. మాస్టారి చోటులో నిలబడి గడియారం వంక చూస్తూ చెప్పాడు. "ఎడమవైపు ఆయనకి కనపడదు. కుడివైపు కనపడుతుంది. కుడివైపు అద్దం ఉంది. ఇక్కణ్నుంచి అద్దానికి ఆరు అడుగులు, అద్దం నుంచి మెట్ల తలకి పధ్నాలుగు. మొత్తం ఇరవై. ఆయన లెక్క తప్పలేదు. చూసింది అద్దంలో."

"అద్దంలో చూస్తే అద్దమని తెలియదా?"

"ముప్పై ఏళ్లుగా అద్దంలోనే మనుషుల్ని చూసి కొలతలు సరిచేస్తున్నవాడికి అది వేరేగా తోచదు. పైగా ఒక్క క్షణం. మెట్లు ఎక్కడున్నాయో ఆయనకి తెలుసు కాబట్టి మెట్ల దగ్గర చూశాననుకున్నాడు. మిగతాది నువ్వు రాశావు."

ఇన్‌స్పెక్టరు ఆ చివరి మాట పట్టించుకోలేదు. ఆయన కుడిచెయ్యి మెల్లగా లేచింది, గాల్లో ఎవర్నో తోస్తున్నట్టు. దాని వంకే చూసుకున్నాడు. "అద్దంలో ఎడం చెయ్యంటే..."

"కుడి చెయ్యి. ఎడం భుజమంటే కుడి భుజం."

కొలతల పుస్తకం బల్ల సొరుగులోనే ఉంది. మాస్టారి గుండ్రటి అక్షరాలు. ఇంటివాళ్ల వేస్ట్‌కోట్ల పేజీ రెండో నిమిషంలో దొరికింది. యజమాని: భుజాలు సమం. తమ్ముడు: ఎడమ భుజం అర అంగుళం దిగువ. మేనల్లుడు: కుడి భుజం అర అంగుళం దిగువ.

ఇన్‌స్పెక్టరు ఆ వరుస రెండుసార్లు చదివాడు. తర్వాత కాజాల ఆవిడ వైపు తిరిగాడు. "ఆ రోజు నాలుగింటికి అతను కౌంటర్లో ఉన్నానన్నాడు."

"నేను వెనక గదిలో ఉంటానండీ, మిషను చప్పుడు. చూడలేదు. బిల్లుపుస్తకం చూడండి, టైము వేస్తారు."

కానిస్టేబులు పరిగెత్తి తెచ్చాడు. మూడూ నలభైకి ఒక బిల్లు. యజమాని పడిన నాలుగూ పదిదాకా ఇంకోటి లేదు. సాయంత్రం రద్దీ వేళ అరగంట ఖాళీ.

"ఆ పొద్దున అయ్యగారు బాబుగారి దగ్గర షాపు తాళాలు తీసేసుకున్నారు," అంది కాజాల ఆవిడ నేల చూపులు చూస్తూ. "తమ్ముడుగారితో గొడవైందీ దాని గురించే. మేనల్లుణ్ని అలా అవమానించొద్దని ఆయనే అడ్డుపడ్డారు."

అడ్డుపడినవాడు లాకప్‌లో ఉన్నాడు. 

"అతన్ని పైకి పిలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేరండీ," అంది ఆవిడ. "టీ ఇచ్చి కిందికి రాగానే వెళ్లారు. మాస్టార్ని ఒకసారి పలకరించి వస్తానన్నారు. పావుగంట దాటింది."

రైటరు కొలతల పుస్తకం చప్పున మూశాడు. కోర్టులో మాస్టారు నిలబడి, తనకి సగం చూపు లేదని చెబితే, ఆ వెంటనే అద్దం సంగతి ఆయనకే గుర్తొస్తుంది. మాస్టారు కోర్టుదాకా రాకపోతే, కాగితం మీదున్న మాటలు అలాగే నిలబడతాయి. చచ్చినవాడు మాట మార్చడు. స్టేట్‌మెంట్లు రాసినవాడికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఏ పక్కనుంచి వెళ్తే మాస్టారికి కనపడదో కూడా మేనల్లుడికి చెప్పింది తనే.

"నా ఫోన్లోంచి మాస్టారికి చెయ్యండి, ఆయన నంబరు ఇందులో ఉంది," అంటూ ఇన్‌స్పెక్టరు ఫోను రైటరు చేతిలో పెట్టి, టోపీ కూడా తీసుకోకుండా మెట్లు దిగాడు. కానిస్టేబులు జాబితా, తన ఫోనూ బల్ల మీదే వదిలి వెనకే పరిగెత్తాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఇన్‌స్పెక్టరు తన మాటకి ఎదురు చెప్పలేదు అనుకున్నాడు రైటరు.

నాలుగో రింగుకి మాస్టారు ఎత్తాడు.

"మాస్టారూ, నేను రైటర్ని. ఇంట్లో ఎవరున్నారు?"

"నేనొక్కణ్నేనండీ. మా ఆవిడ ఆస్పత్రికెళ్లింది. తేదీ రాయించుకోమన్నారుగా మీరు."

"ఎవరైనా వచ్చారా?"

"లేదే. ఇందాక తలుపు చప్పుడైనట్టుంది, గాలేమో. మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నానండీ. కూర్చుని అదే ఆలోచిస్తున్నాను. ఆ రోజు గదిలో నిలువుటద్దం ఉండాలి కదా. నేను చూసింది అద్దంలోనేమో. అదే అయితే ఆ భుజం..."

"మాస్టారూ, ఆపండి. ఇంకేం మాట్లాడకండి. మెల్లగా తల ఎడం పక్కకి తిప్పండి."

కుర్చీ కిర్రుమంది.  రైటరు ఫోను చెవికి గట్టిగా ఆనించాడు.

"బాబుగారా," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "ఎంతసేపైంది మీరొచ్చి?"

"ఫోను అతనికివ్వండి," అన్నాడు రైటరు.

చేతులు మారిన చప్పుడైంది. అవతల ఊపిరి కాస్త వేగంగా ఉంది.

"బాబూ, కొలతల పుస్తకం నా చేతిలో ఉంది," అన్నాడు రైటరు, ఎన్నేళ్లుగానో సాక్షుల చేత చెప్పించుకున్న గొంతుతో, తొందర లేకుండా. "బిల్లుపుస్తకం ఇన్‌స్పెక్టరు చూశాడు. అద్దం ఎవరు దించారో సాక్ష్యం ఉంది. మాస్టారు ఉన్నా లేకపోయినా ఇక నీకు ఒకటే. ఆయన్ని వదిలేసి బయటికి రా. కోపంలో ఒక్క తోపు తోశావు. అది ఒక లెక్క. కూర్చున్న మనిషి మీద చెయ్యేస్తే అది వేరే లెక్క."

"మామయ్యని చంపాలని తొయ్యలేదు నేను," అన్నాడు మేనల్లుడు. ఏడుపుకి, అలసటకి మధ్య ఉంది ఆ గొంతు. "ఐదు రోజులుగా నిద్రలేదు రైటరు గారూ. మీరు చెప్పింది అర్థమైంది. కానీ నన్ను కాసేపు ఆలోచించుకోనివ్వండి. కత్తెర నా చేతిలో ఉంది. పోలీసు జీపు ఈ వీధిలోకి రాకూడదు. చప్పుడు వినపడితే నేనేం చేస్తానో నాకే తెలియదు."

లైను తెగిపోయింది.

రైటరు కిటికీ దగ్గరికి వెళ్లేసరికి జీపు వీధి చివర మలుపు తిరుగుతోంది. సైరను మోగుతోంది. మాస్టారి ఇంటికి ఆరు నిమిషాల దారి. ఇన్‌స్పెక్టరుని ఆపాలి.

ఆయన ఫోను తన చేతిలోనే ఉంది.